పైథాన్ అంటే ఇష్టమే, అయినా దుకాణాలకు గో భాషలోనే రాస్తాను

మాది పర్లాకిమిడి. ఒడిశాలోని గజపతి జిల్లాకు ముఖ్యపట్టణం. ఊరు దాటి కాస్త ముందుకు వెళ్తే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు అటు వెళ్లింది గానీ, ఇరువైపుల రైతులూ ఇప్పటికీ ఇదే బజారుకు వస్తారు, ఒకే దుకాణంలో ఒకరు తెలుగులోనూ మరొకరు ఒడియాలోనూ చీటీ అడుగుతారు. ఆ చీటీలు రాసే ప్రోగ్రాములు, అప్పుల ఖాతాలు, గోదాము నిల్వల లెక్కలు రాయడం నా పని. 2013లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో మొదలుపెట్టాను. 2017 నుంచి దుకాణాలకు ఇచ్చేదంతా గో అనే మరో ప్రోగ్రామింగ్ భాషలోనే రాస్తున్నాను. బరంపురంలోనో గుణుపురంలోనో ఇంజనీరింగు చదివి సెలవులకు వచ్చే పిల్లలు "అందరూ పైథాన్ నేర్పుతుంటే మీరు దాన్ని ఎందుకు వదిలేశారు అన్నయ్యా?" అని అడుగుతుంటారు. నిలబడి రెండు ముక్కల్లో చెబితే పైథాన్‌ను తక్కువ చేసినట్లు అనిపిస్తుంది కనుక, నా కారణాలన్నీ ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

నా కారణం వేగం కాదు. రోజుకు మూడు నాలుగు వందల చీటీలు రాసే దుకాణానికి ఏ భాషైనా చాలు. అసలు కారణం ఏమిటంటే, నేను రాసిన ప్రోగ్రాం నా దగ్గర ఉండదు. అది నా చెయ్యి దాటిన మరునాటి నుంచి గుమస్తా దగ్గర, పాత కంప్యూటరు మీద, ఇంటర్నెట్ లేని గదిలో, నన్ను పిలిచే వీలు లేని వేళల్లో బతకాలి. అందువల్ల భాషను ఎంచుకునేటప్పుడు నాకు రాయడానికి ఎంత హాయిగా ఉందన్నది రెండో ప్రశ్న అయింది. నేను లేనప్పుడు అది ఎలా ప్రవర్తిస్తుందన్నదే మొదటి ప్రశ్న.

ఈ మాట నాకు అనుభవం మీద తెలిసింది. పలాస చుట్టుపక్కల ప్రాంతమంతా జీడి వ్యాపారానిది. మా వైపు నుంచీ జీడిపిక్కలు అటు పోతాయి. పిక్కల బస్తా అంటే ఎనభై కిలోలు. ఒక కమీషను వ్యాపారికి 2014లో పైథాన్‌లో చీటీల ప్రోగ్రాం రాసి ఇచ్చాను. బరువును గుమస్తా స్వయంగా కొట్టినప్పుడు దాన్ని సంఖ్యగా మార్చే వాక్యం ఉంది. తరువాతి సంవత్సరం ఆయన ఎలక్ట్రానిక్ కాటా కొని, అది రాసే ఫైలు నుంచే బరువులు తీసుకోవాలన్నారు. ఆ దారిలో సంఖ్యగా మార్చే వాక్యం రాయడం నేను మరిచిపోయాను. ఫైలు నుంచి చదివినది పైథాన్‌కు అక్షరాల వరుసే: ఎనిమిది, సున్నా అనే రెండు గుర్తులు. అక్షరాల వరుసను మూడుతో గుణించమంటే పైథాన్ తప్పు పట్టదు, ఆ వరుసను మూడుసార్లు పక్కపక్కన రాస్తుంది. 808080. తరువాతి వాక్యం దాన్ని శ్రద్ధగా సంఖ్యగా మార్చింది. మధ్యాహ్నం ఫోను వచ్చింది: "మూడు బస్తాలకి ఎనిమిది లచ్చల కిలోలేటి బాబూ?"

ఇందులో నన్ను ఇప్పటికీ వెంటాడే విషయం ఆ పెద్ద సంఖ్య కాదు. అది కంటికి కనిపించే తప్పు కాబట్టి ఎవరికీ డబ్బు నష్టం జరగలేదు. ఒక్క బస్తా ఉన్నప్పుడు ఎనభైని ఒకటితో గుణిస్తే, అక్షరాలుగా చూసినా సంఖ్యగా చూసినా ఎనభయ్యే వస్తుంది. నేను పరీక్షించినది ఒక్క బస్తాతోనే. ఆ ఉదయం వచ్చిన చిన్న రైతులందరికీ ఒక్కో బస్తాయే కనుక వాళ్ల చీటీలన్నీ సరిగానే వచ్చాయి. తప్పు లోపలే ఉండి, మూడు బస్తాల రైతు వచ్చేదాకా ఒప్పులాగా కనిపించింది. తప్పు నాదే, సందేహం లేదు. కానీ గోలో ఇదే వాక్యం రాసి ఉంటే, అక్షరాల వరుసనూ సంఖ్యనూ గుణించడం కుదరదని కంపైలర్ (మనం రాసినదాన్ని నడిచే ప్రోగ్రాముగా మార్చే పనిముట్టు) అక్కడే ఆపేది. చీటీ దాకా కాదు, పెన్‌డ్రైవ్ దాకా కూడా వచ్చేది కాదు, ఎందుకంటే ప్రోగ్రామే తయారయ్యేది కాదు.

పైథాన్‌లోనూ 3.5 సంచిక నుంచి, అంటే 2015 నుంచి, ఏది సంఖ్య ఏది వాక్యం అని పక్కన రాసుకునే వీలుందని చాలామంది అంటారు. నిజమే. అయితే ఆ రాతను పైథాన్ తనంత తాను నడిచేటప్పుడు పట్టించుకోదు. మైపై వంటి వేరే పనిముట్టుతో మనం తనిఖీ చేయించాలి. రాత్రి ఎనిమిదింటికి దుకాణం మూసే వేళ, గుమస్తా పక్కన నిలబడి ఉండగా, వాళ్ల కంప్యూటరు మీదే ఒక వాక్యం సరిచేసే మనిషి ఆ తనిఖీని దాటేస్తాడు. నేను దాటేశాను. దాటడానికి వీలున్న తనిఖీ నా వంటి ఒంటరి పనివాడికి సరిపోదు. గోలో ఇప్పుడు కిలోలు ఒక రకంగా, పైసలు మరో రకంగా ప్రకటించుకుంటాను. రెండూ లోపల పూర్ణ సంఖ్యలే, అయినా కిలోలను పైసలతో కూడితే కంపైలర్ ఒప్పుకోదు. తరుగు కిలోల్లో తీయాలి, కమీషను రూపాయల్లో తీయాలి అన్న మా బజారు లెక్క భాషలోకే వచ్చి కూర్చుంది.

రెండో కారణం చేరవేత. పైథాన్ ప్రోగ్రాం ఇవ్వడమంటే ముందు పైథాన్‌ను ఎక్కించాలి, తరువాత అవసరమైన లైబ్రరీలు, అంటే ఇతరులు రాసి పెట్టిన ప్రోగ్రాం ముక్కలు, ఎక్కించాలి. విండోస్ 7 మీద 3.5 తరువాతి పైథాన్ నడవాలంటే సీ రన్‌టైమ్ అనే విండోస్ నవీకరణ ఒకటి ముందే ఉండాలి. నెట్ లేని గదిలో ఇవన్నీ పెన్‌డ్రైవ్‌లో మోసుకుపోయి, ఒకటి మరిచిపోతే తిరిగి ఇంటికి వచ్చి వెళ్లేవాణ్ని. అన్నిటినీ ఒక ఫైలుగా కట్టే పనిముట్లు పైథాన్‌కు ఉన్నాయి. వాడాను కూడా, కానీ అలా కట్టిన ఫైలును రెండు దుకాణాల్లో యాంటీవైరస్ అనుమానించి తీసి పక్కన పడేసింది. గోలో ఒక ఫైలే వస్తుంది. నా లైనక్స్ కంప్యూటరు మీద కూర్చుని 32 బిట్ల విండోస్‌కు కావలసిన ఫైలు తయారుచేయవచ్చు. 2021లో వచ్చిన గో 1.16 సంచిక నుంచి వెబ్ పేజీలను, తెలుగు ఒడియా ఫాంట్లను కూడా ఆ ఫైలు కడుపులోనే పెట్టే ఏర్పాటు భాషతోపాటే వచ్చింది. ఫైలును రెండుసార్లు నొక్కితే బ్రౌజరులో ఖాతా తెరుచుకుంటుంది. ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చే పని బ్రౌజరే చూసుకుంటుంది కనుక చీటీ మీద తెలుగు విరిగిపోదు.

అక్షరాల సంగతి వచ్చింది కాబట్టి, నా ఎంపికకు ఎదురు నిలిచే విషయాన్ని దాచకుండా చెప్పాలి. తెలుగువాడిగా చూస్తే పైథానే నన్ను ఎక్కువ ఆదరిస్తుంది. పైథాన్ 3లో "లెక్క" అనే పేరు పెట్టి ఒక విలువను దాచుకోవచ్చు, "బస్తా" అని ఫంక్షనుకు పేరు పెట్టవచ్చు. "౧౨౩" అని తెలుగు అంకెలతో రాసిన వరుసను సంఖ్యగా మార్చమంటే నూట ఇరవై మూడు అని ఇస్తుంది. గోలో ఇవేవీ కుదరవు. గో నియమం ప్రకారం పేరులో యూనికోడ్ (లిపుల అక్షరాలకు ఒక్కో సంఖ్య ఇచ్చిన ప్రమాణ పట్టిక) అక్షరాలని చెప్పినవి, అంకెలు మాత్రమే ఉండాలి. మన గుణింతపు గుర్తులూ పొల్లూ యూనికోడ్ వర్గీకరణలో అక్షరాలు కావు, అక్షరానికి అంటుకునే గుర్తులు. అందువల్ల "ధర" అన్న పేరు చెల్లుతుంది, "లెక్క" చెల్లదు. పైగా ప్రోగ్రాములోని ఒక భాగంలో, అంటే ప్యాకేజీలో, ఉన్న పేరు మరో ప్యాకేజీకి కనిపించాలంటే ఇంగ్లీషు కాపిటల్ వంటి పెద్దబడి అక్షరంతో మొదలుకావాలి. తెలుగుకు పెద్దబడి చిన్నబడి లేవు కనుక మన లిపిలోని పేరు ఎప్పటికీ బయటకు రాదు. ఇది నాకు బాధ కలిగించే విషయం. గో రూపకర్తలలో ఇద్దరు, కెన్ థాంప్సన్, రాబ్ పైక్, 1992లో యూటీఎఫ్-8ను, అంటే యూనికోడ్ అక్షరాలను కంప్యూటరులో దాచుకునే పద్ధతిని, కనిపెట్టినవారు. ఈ రోజు తెలుగు ఏ తెర మీదైనా కనిపిస్తోందంటే అందులో వాళ్ల చేయి ఉంది. వాళ్లు గీసిన భాషలోనే మన గుణింతానికి చోటు లేకపోవడం పెద్ద లోపమని నేను గట్టిగా నమ్ముతున్నాను. మా ఇంటి పిల్లలకు ప్రోగ్రాములు రాయడం నేర్పేటప్పుడు పైథానే వాడతాను, వాళ్లు తమ పేర్లను తమ లిపిలో పెట్టుకోగలరు కాబట్టి.

కానీ ఆదరించడం వేరు, పని జరగడం వేరు. 2016లో నా ప్రోగ్రాములను పైథాన్ 3కు మార్చాను. ఇంట్లో లైనక్స్ మీద అన్నీ చక్కగా నడిచాయి. దుకాణంలో విండోస్ మీద మొదటి రైతు పేరును ఫైల్లో రాయగానే, చార్‌మాప్ అనే ఏర్పాటులో ఈ అక్షరాలకు చోటు లేదని చెప్పి ఆగిపోయింది. ఫైలు తెరిచేటప్పుడు ఏ సంకేత పద్ధతో మనం చెప్పకపోతే, పైథాన్ ఆ కంప్యూటరు అలవాటును తీసుకుంటుంది. లైనక్స్‌లో అది యూటీఎఫ్-8, మా దుకాణపు విండోస్‌లో తెలుగే లేని 1252 పట్టిక. ప్రతి ఫైలు దగ్గరా పద్ధతిని విడిగా రాయడమే మందు; పద్దెనిమిది చోట్ల రాశాను, పందొమ్మిదోది మరిచిపోయాను. 3.15 నుంచి అంతటా యూటీఎఫ్-8నే అలవాటుగా పెట్టాలని పైథాన్ నిర్వాహకులు నిర్ణయించారు, మంచి నిర్ణయం. గోలో ఈ మెట్టే లేదు. అక్షరాల వరుస అంటే బైట్ల, అంటే కంప్యూటరు దాచుకునే చిన్న సంఖ్యల, వరుస. ఇచ్చినది ఇచ్చినట్లు ఫైల్లో పడుతుంది, ఏ కంప్యూటరైనా ఒకటే.

అలాగని గో మన అక్షరాన్ని అర్థం చేసుకుంటుందని కాదు. చీటీలో పేరుకు ఇరవై గడులు కేటాయించి, మొదటి ఇరవై తీసుకోమని గోకు చెప్పాను. గో తీసుకున్నది ఇరవై బైట్లు. తెలుగులో ఒక్కో అక్షరమూ, ఒక్కో గుణింతపు గుర్తూ మూడేసి బైట్లు. ఆరు గుర్తులకు పద్దెనిమిది పోయి, ఏడో దానిలో రెండు బైట్ల ముక్క మిగిలింది. పేరు చివర నల్లని పలక మీద ప్రశ్నార్థకం అచ్చయింది. బైట్లు కాకుండా యూనికోడ్ గుర్తులు లెక్కపెట్టమని మార్చాను. అప్పుడు "శ్రీ" అనే ఒక్క అక్షరం నాలుగు గుర్తులైంది: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆ మధ్యలో కోత పడితే "శ్" అని మొండిగా మిగులుతుంది. పైథాన్ లెక్కా నాలుగే. బడిలో మనం నేర్చుకున్న అక్షరం, నోటితో ఒక్క ఊపులో పలికే "శ్రీ", రెండు భాషలకూ తెలియదు. తెలుగు, ఒడియా వంటి లిపులలో ఒత్తుతో కూడిన అక్షరాన్ని ఒకే తునకగా చూడాలన్న నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 సంచికతో వచ్చింది; దాన్ని చదివి నలభై వరుసల్లో నేనే రాసుకున్నాను. ఇక్కడ రెండు భాషలూ సమానమే కనుక ఈ విషయం నా ఎంపికను అటూ ఇటూ జరపలేదు.

పేర్లను తెలుగు నుంచి ఒడియాలోకి మార్చే పని కూడా అంతే, కానీ అందంగా ఉంటుంది గనుక చెబుతాను. తెలుగు, ఒడియా వంటి ప్రధాన భారతీయ లిపులకు యూనికోడ్‌లో ఒకే వరుస ఇచ్చారు. తెలుగు "క" సంఖ్య 3093, ఒడియా "క" సంఖ్య 2837. తేడా సరిగ్గా 256, దాదాపు అన్ని అక్షరాలకూ ఇంతే. కాబట్టి రైతు పేరులోని ప్రతి గుర్తు నుంచి 256 తీసివేస్తే పేరు ఒడియాలోకి మారుతుంది. మొదటిసారి అది తెర మీద కనిపించినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. తరువాత గుంటలు బయటపడ్డాయి. ఒడియాలో హ్రస్వమైన ఎ, ఒ లేవు. "ఎల్లమ్మ" మొదటి అక్షరం దగ్గర ఖాళీ గడి అచ్చయింది, దాన్ని ఏకారానికి మళ్లించాను. ఒడియా వరుసలో య స్థానంలో ఉన్న అక్షరాన్ని వాళ్లు జ లాగా పలుకుతారు, మన య ధ్వనికి వేరే అక్షరం ఉంది; అది సరిచేసేదాకా మా రామయ్యలందరూ ఒడియా చదివేవారి నోట రామజ్జలయ్యారు. ఈ పట్టిక పైథాన్‌లో కాస్త పొట్టిగా రాయవచ్చు. ఆ కాస్త తేడా కోసం మిగతావన్నీ వదులుకోలేను.

మా జిల్లాలో సవర గిరిజనులూ ఎక్కువ. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లో ఉద్యోగం చేస్తూనే సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చారు. సవరలకు 1936లో మంగెయ్ గొమాంగో రూపొందించిన సొంత లిపి ఉంది, 2012లో యూనికోడ్ 6.1లో చేరింది. ఒక సవర మిత్రుడు తన పేరు ఆ లిపిలో కావాలన్నప్పుడు గో వైపు ఏ మార్పూ చేయవలసి రాలేదు. ఒక్కో అక్షరం నాలుగు బైట్లు, అంతే. చిక్కు బ్రౌజరు వైపు వచ్చింది: అక్కడ ఆ లిపి అక్షరం ఒక్కటి రెండుగా లెక్కకు వస్తుంది, ఇరవై అక్షరాల పెట్టె పది దగ్గరే మూసుకుంది. ఆ పరిమితిని పేజీలోంచి తీసేసి, లెక్క గోలోనే పెట్టాను.

మూడో కారణం అన్నిటికంటే బరువైనది. పైథాన్ 3 2008లో వచ్చింది, పైథాన్ 2 పోషణ 2020 జనవరి 1తో ముగిసింది. పదకొండేళ్లు ఇచ్చారు, అన్యాయం అనలేను. అయినా దుకాణాలకు ఇచ్చేసిన ఏడు ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చుకుని మార్చవలసి వచ్చింది. ఆ పనికి ఎవరినీ కూలి అడగలేకపోయాను, ఎందుకంటే వ్యాపారి దృష్టిలో నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాం ఇవాళా నడుస్తోంది. గో 1 2012 మార్చిలో వచ్చినప్పుడు, దానికి రాసినది తరువాతి గో 1 సంచికలన్నిటిలోనూ కంపైల్ అవుతూనే ఉంటుందని మాట ఇచ్చారు. 2017లో రాసినది ఇవాళా అలాగే కంపైల్ అవుతోంది. 2024లో 1.22తో లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే వాక్యం) చలరాశుల ప్రవర్తన మార్చినప్పుడు కూడా, తాము 1.22 లేదా ఆ పైదానికి రాశామని చెప్పుకున్న ప్రోగ్రాములకే ఆ మార్పు వర్తింపజేశారు, పాతవాటిని ముట్టుకోలేదు. అయితే మాట భాషకే, కంప్యూటరుకు కాదు: 1.21 నుంచి గోకు విండోస్ 10 కావాలి. విండోస్ 7 ఉన్న మూడు దుకాణాల కోసం 1.20ను నా దగ్గర విడిగా ఉంచుకున్నాను. పైథాన్ 3.9తోనే విండోస్ 7ను వదిలేసింది గనుక ఇక్కడా నాకు మిగిలిన దారి గోదే.

గోలో ప్రతి పని తరువాతా "తప్పు జరిగిందా" అని అడిగే మూడు వరుసలు రాయాలి, విసుగు పుడుతుంది అంటారు. నాకు పుట్టదు. కాటా ఫైలు తెరుచుకోకపోతే ఏం చేయాలి, ప్రింటరులో కాగితం అయిపోతే చీటీ సంఖ్య పెరగాలా వద్దా, కరెంటు పోయినప్పుడు సగం రాసిన పద్దు ఏమవ్వాలి అన్న ప్రశ్నలు ఆ మూడు వరుసల దగ్గర కూర్చున్నప్పుడే నాకు తట్టాయి. పైథాన్‌లో రాసిన రోజుల్లో అవి దుకాణంలో, రైతు ఎదురుగా నిలబడి ఉండగా తట్టేవి. నెలాఖరున పాత ఖాతాల పేర్లు శుభ్రం చేయడం వంటి, నా కంప్యూటరు మీద నా కళ్ల ముందు ఒక్కసారి నడిచి ముగిసే పనులకు మాత్రం ఇప్పటికీ పైథానే తెరుస్తాను.

కిందటి వేసవిలో పాతపట్నంలో చుట్టాలింటికి వెళ్లినప్పుడు, అక్కడి ఒక రైతు బల్ల మీద పెట్టిన జీడిపిక్కల చీటీ నా కంటపడింది. గడులు నావి, తరుగు కింద గీసిన రెండు గీతలు నావి, పైన దుకాణం పేరు మాత్రం నేను ఎన్నడూ విననిది. మరునాడు మా వ్యాపారి గుమస్తాను అడిగితే, కాస్త భయపడుతూనే చెప్పాడు: తన బావమరిది అక్కడ కొత్తగా దుకాణం పెట్టాడట, ఈ కంప్యూటరులోని ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడట, సెట్టింగుల పేజీలో పేరు మార్చుకున్నారట. ఎప్పుడిచ్చావని అడిగాను. "రెండేళ్లయింది బాబూ, ఏ ఇబ్బందీ రాలేదు, అందుకే మీకు చెప్పనేదు" అన్నాడు.